స్లీవ్ అడిగిన పేషెంట్‌కి గ్యాస్ట్రిక్ బైపాస్ ఎందుకు చేశాం: సర్జరీకి ముందు మూడు నెలల కేస్ స్టడీ

బరువు తగ్గించే సర్జరీ అనగానే అందరూ ఆపరేషన్ ఎన్ని గంటలు పడుతుంది, తరవాత ఎన్ని కిలోలు తగ్గుతాం అని అడుగుతారు. నేను ఇక్కడ రాస్తున్నది దానికి ముందు జరిగే పని గురించి. అన్నవాహిక, కడుపు, లివర్, పేగులు ఆపరేషన్‌కి తయారుగా ఉన్నాయో లేదో చూడటం, లేకపోతే తయారు చేయడం. ఈ పేషెంట్ విషయంలో ఆ పని వదిలేసి ఉంటే ఆమె ఒంటికి సరిపడని ఆపరేషన్ జరిగి ఉండేది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

పేషెంట్

47 ఏళ్ల గృహిణి, కోస్తా జిల్లాల్లో ఒక పల్లె. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 106 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 43.6. తొమ్మిదేళ్లుగా షుగరు, కొన్నేళ్లుగా బీపీ. మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 8.6. రాత్రి పెద్ద గురక, పగలు కుర్చీలో కూర్చుంటే కునుకు. రెండు మోకాళ్లూ అరిగాయి, మెట్లెక్కలేరు. డైటింగులు, నడక, ప్రకృతి వైద్యం, ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడులు అన్నీ అయ్యాయి. తగ్గిన బరువు ప్రతిసారీ తిరిగి వచ్చింది.

సర్జరీ అవసరమా అన్న సందేహం లేదు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా సర్జరీ సూచించవచ్చు. మన ఆసియావాళ్లకు 27.5 నుంచే ఆలోచించమన్నారు. ఆమెకు బీఎంఐతో పాటు షుగరు కూడా అదుపులో లేదు.

కానీ ఆమె మా దగ్గరకు వచ్చేసరికే రెండు నిర్ణయాలు అయిపోయాయి. ఒకటి, స్లీవ్, అంటే కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకోవాలని. వాళ్ల వీధిలో ఒకావిడకు స్లీవ్ చేసి ముప్పై కిలోల దాకా తగ్గారు. "ఆవిడకి చేసినట్టే నాకూ చేసేయండి డాక్టరు గారూ" అన్నారు. రెండోది తేదీ. కొడుకు డాలస్ నుంచి మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. అతను ఉన్నప్పుడే అయిపోవాలని మంచిరోజు కూడా చూపించుకున్నారు.

కడుపు సంగతులు

"గ్యాస్ ఉందండీ, మాత్ర వేసుకుంటే పోతుంది" అని ఒక్క ముక్కలో చెప్పారు. విడివిడిగా అడిగితే చాలా బయటపడింది. రాత్రి పడుకున్నాక గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయి. రెండు దిళ్లు పెట్టుకోకపోతే నిద్ర పట్టదు. వంగి ముగ్గు వేస్తే గుండెల్లో మంట. ఆరు నెలలుగా పొడి దగ్గు, దానికి విడిగా సిరప్పులు వాడుతున్నారు. మోషన్ మూడు రోజులకోసారి.

తరవాత మందులు. ఈ పేషెంట్లను నేను మందుల చీటీ తెమ్మనను, ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని రమ్మంటాను. ఆమె కవర్లో మూడు ముఖ్యమైన విషయాలు దొరికాయి. యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మూడేళ్లుగా రోజూ వాడుతున్నారు, కానీ టిఫిన్ తిన్నాక వేసుకుంటున్నారు. ఆ మాత్ర తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తుంది. రెండోది, మోకాళ్ల కోసం మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే అసెక్లోఫెనాక్. వారంలో నాలుగైదు రోజులు, ఒక్కోసారి పరగడుపున. మూడోది, ఆమె "షుగర్ మాత్ర" అంటున్నది ఒకే బిళ్లలో రెండు మందులు, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. దానికి తోడు డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగరు మందు. ఈ మూడో సంగతి లిక్విడ్ డైట్ దగ్గర ఎంత ముఖ్యమైందో కింద చెబుతాను.

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్ 10.1, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 9, బీ12 162, విటమిన్ డీ 11, అన్నీ తక్కువే. బాగా లావుగా ఉన్న మనిషికి పోషకాల లోటేమిటని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు. కేలరీలు ఎక్కువైనంత మాత్రాన ఐరనూ విటమిన్లూ సరిపోయినట్టు కాదు. మెట్‌ఫార్మిన్, పాంటాప్రజోల్ రెండూ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గడం మేం తరచూ చూస్తాం. అల్ట్రాసౌండ్‌లో లివర్ 18 సెంటీమీటర్లు, గ్రేడ్ 2 కొవ్వు. పిత్తాశయంలో రాళ్లు లేవు. ఫైబ్రోస్కాన్‌లో గట్టిపడ్డ మచ్చలేమీ పెద్దగా లేవు. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) తేలింది, నిద్రలో గాలి అందించే సీప్యాప్ మిషన్ మొదలుపెట్టించాం. నెలసరి ఎక్కువగా అవుతోందంటే గైనకాలజిస్టుకు చూపించాం. గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, మందులతో అదుపులోకి వచ్చింది.

ఎండోస్కోపీ

బరువు సర్జరీకి ముందు అందరికీ ఎండోస్కోపీ కావాలా అన్న చర్చ ప్రపంచమంతా ఉంది. లక్షణాలు లేనివాళ్లకు అక్కర్లేదనే సర్జన్లూ ఉన్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కడుపును కోసి దాని ఆకారమే మార్చబోతున్నప్పుడు ముందు లోపలికి చూడాల్సిందే. పైగా ఈమెకు లక్షణాలు నిండుగా ఉన్నాయి. కొడుకు వీడియో కాల్లో "అక్కడ మా ఫ్రెండ్‌కి ఎండోస్కోపీ లేకుండానే చేశారండీ, మీరెందుకు చేస్తున్నారు?" అని అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. వాళ్లమ్మగారి రాత్రి దగ్గు, పుల్లటి నీళ్లు, నొప్పి మాత్రలు, రక్తహీనత నాలుగూ కలిపి చూపించాక ఒప్పుకున్నాడు.

పాంటాప్రజోల్ రెండు వారాలు ఆపించి పరీక్ష చేశాం. ఆ మాత్ర వాడుతూ చేస్తే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. ఆ రెండు వారాలూ మంటకు యాంటాసిడ్ సిరప్ ఇచ్చాం. ఆమె కష్టపడ్డారు, అయినా ఓర్చుకున్నారు.

కెమెరా లోపలికి వెళ్లగానే అన్నవాహిక కింది భాగంలో ఎర్రటి చారలు. ఒక మడత మీద నుంచి పక్క మడతకు పాకిన పుళ్లు, అంటే లాస్ ఏంజిలిస్ అనే కొలతలో గ్రేడ్ సి (ఎ నుంచి డి వరకు, డి అన్నిటికంటే తీవ్రం). కడుపు పైభాగం సుమారు నాలుగు సెంటీమీటర్లు ఛాతీలోకి జారి ఉంది. అదే హయాటస్ హెర్నియా (అన్నవాహిక ఛాతీలోంచి పొట్టలోకి దిగే రంధ్రమే హయాటస్). కడుపు కింది భాగంలో చెదురుమదురుగా చిన్న పుళ్లు. అక్కడినుంచీ పైనుంచీ ముక్కలు తీశాం. ఒక ముక్కను యూరియా ఉన్న పసుపు జెల్ కిట్‌లో పెట్టాం. పైలోరీ బ్యాక్టీరియాలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తే జెల్ రంగు మారుతుంది. ఇంకా స్కోప్ కడుగుతుండగానే పసుపు అంచుల నుంచి ముదురు గులాబీ అయిపోయింది. కోడలు అక్కడే ఉంటే ఆమెకు చూపించాను. రిపోర్టులో అక్షరాలు చదివినప్పటికంటే ఆ రంగు చూశాక ఇంట్లోవాళ్లకు విషయం బాగా ఎక్కింది.

అన్నవాహిక ముక్కల్లో బారెట్స్ మార్పులు (యాసిడ్ వల్ల లోపలి పొర మారిపోవడం, అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు) లేవని బయాప్సీ వచ్చింది. గ్రేడ్ సి పుండు ఉన్నప్పుడు ఆ మాట పూర్తిగా నమ్మకూడదు. పుండు మానాక మళ్లీ చూడాలి.

ఏ ఆపరేషన్?

స్లీవ్‌లో కడుపులో దాదాపు ముప్పాతిక పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేస్తాం. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. కింద పైలోరస్ కవాటం అలాగే ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి పైకి తంతుంది. అప్పటికే రిఫ్లక్స్ (కడుపులో యాసిడ్ పైకి తన్నడం) ఉన్నవాళ్లలో చాలామందికి అది పెరుగుతుంది, లేనివాళ్లలో కొందరికి కొత్తగా మొదలవుతుంది. ఫిన్లండ్‌లో 240 మందితో జరిగిన స్లీవ్‌పాస్ ట్రయల్ పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్లకు ఎండోస్కోపీ చేస్తే స్లీవ్ అయినవాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ అయినవాళ్లలో 7 శాతం మందికి అన్నవాహికలో పుళ్లు కనిపించాయి. గ్రేడ్ సి పుండు, నాలుగు సెంటీమీటర్ల హెర్నియా ఉన్న మనిషికి స్లీవ్ చేస్తే రేపు బరువు తగ్గినా గుండె మంటతో మళ్లీ మా దగ్గరకే వస్తారు.

అందుకని రూ-ఎన్-వై (ఆర్‌వై) గ్యాస్ట్రిక్ బైపాస్, దానితో పాటు హెర్నియా సరిచేయడం అని చెప్పాం. బైపాస్‌లో ఆహారానికి పైన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రమే మిగులుతుంది, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతాం. దానిలో యాసిడ్ చాలా తక్కువ. పైత్యరసం కిందికి మళ్లిపోతుంది. రిఫ్లక్స్‌కి ఇదే మంచి ఆపరేషన్. షుగరుకూ బాగా పనిచేస్తుంది.

అయితే బైపాస్ అనుకున్నాక ముందు తయారీ ఇంకా కచ్చితంగా జరగాలి. పక్కన పెట్టేసిన పెద్ద కడుపు లోపలే ఉంటుంది, కానీ మామూలు ఎండోస్కోపు తరవాత దాంట్లోకి వెళ్లలేదు. అక్కడ పైలోరీని వదిలేస్తే మళ్లీ చూసి తేల్చుకోవడం కష్టం. పైగా సంచీ పేగూ కలిసిన చోట పుండు పడటానికి పొగాకు, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పెద్ద కారణాలు, పైలోరీ కూడా తోడవుతుంది. ఆమెకు పొగాకు అలవాటు లేదు. కానీ మిగతా రెండూ ఉన్నాయి.

తేదీ వాయిదా పడుతుందని చెప్పినప్పుడు గదిలో మూడ్ మారిపోయింది. ఆయన, అంటే పేషెంట్ భర్త, "మంచిరోజు చూసుకుని వచ్చాం కదండీ" అన్నారు. ఆమె మాట్లాడలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు బాధేసింది. ఎన్నో ఏళ్లు ప్రయత్నించి చివరికి ధైర్యం చేసి వచ్చిన మనిషికి మూడు నెలలు ఆగండి అనడం చిన్న విషయం కాదు. కానీ ఇది అత్యవసర సర్జరీ కాదు. పుండు ఉన్న అన్నవాహికతో, 10 హిమోగ్లోబిన్‌తో, అదుపులో లేని షుగరుతో తొందరపడాల్సిన అవసరం ఏ కోణంలోనూ లేదు. కొడుకు సెలవును ఆపరేషన్‌కి కాకుండా తయారీకి వాడుకోమన్నాను. అతను అలాగే చేశాడు. వచ్చిన మూడు వారాలూ మా డైటీషియన్ చెప్పినవన్నీ రాసుకుని వంటింటి తలుపుకి అంటించి వెళ్లాడు.

పైలోరీ చికిత్స, పెరుగు సమస్య

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి ఈ బ్యాక్టీరియా ఉంటుందని అంచనా. పాత క్లారిత్రోమైసిన్ కోర్సుకు ఇక్కడ లొంగకపోవడం ఎక్కువైంది. అందుకని 14 రోజుల బిస్మత్ కోర్సు ఇచ్చాం: పూటకొకటి చొప్పున రెండుసార్లు యాసిడ్ తగ్గించే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. ఈ కోర్సు సగంలో ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మొండికేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే ఇబ్బందులన్నీ చెప్పాలి. నోట్లో ఇనుము రుచి ఉంటుంది. వికారంగా ఉంటుంది. నాలుక, మలం నల్లగా అవుతాయి, అది బిస్మత్ వల్ల. కానీ మలం తారులా జిగటగా, దుర్వాసనగా వచ్చి కళ్లు తిరిగితే అది రక్తం కావచ్చు, వెంటనే ఫోన్ చేయాలి. రెండింటికీ తేడా కోడలికి కూడా చెప్పాం.

అసలు చిక్కు పెరుగు దగ్గర వచ్చింది. టెట్రాసైక్లిన్ పాలు, పెరుగు, ఐరన్, కాల్షియంతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. వాళ్లింట్లో మూడు పూటలా పెరుగో మజ్జిగో లేకుండా భోజనం ముగియదు. మాత్ర రోజుకు నాలుగుసార్లు. మా డైటీషియన్ కాగితం మీద గడులు గీసి, మాత్రకు గంట ముందు, రెండు గంటల తరవాత వరకు పెరుగు లేకుండా, మధ్యాహ్నం ఒక్కపూట పెరుగుకు చోటు వెతికింది. పద్నాలుగు రోజులు అలా సాగింది. చాలా కోర్సులు ఫెయిలవడానికి మందే కారణం కాకపోవచ్చు. దాన్ని ఏం తింటూ వేసుకున్నారో కూడా అడగాలి.

ఐరన్ మాత్రలు పెట్టలేదు. మలబద్ధకం పెంచుతాయి, టెట్రాసైక్లిన్‌కి అడ్డం, పైగా యాసిడ్ మాత్ర వాడుతుంటే సరిగా పట్టవు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ అనే ఐరన్ మందు ఒక గ్రాము రక్తనాళంలోకి ఇచ్చాం. బీ12 ఇంజెక్షన్లు, వారానికోసారి విటమిన్ డీ 60,000 యూనిట్లు. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపి పారాసిటమాల్, ఫిజియోథెరపీ.

యాసిడ్ మాత్రను టిఫిన్‌కి అరగంట ముందుకు మార్చి ఎనిమిది వారాలు కొనసాగించాక రెండో ఎండోస్కోపీ చేశాం. పుళ్లు మానాయి. మళ్లీ తీసిన ముక్కల్లోనూ బారెట్స్ లేదు. ఐరన్ లోటుకు ఫైబ్రాయిడ్, కడుపు పుళ్లు కారణంగా కనిపిస్తున్నా ఆమె వయసులో పెద్దపేగు చూడకుండా వదలకూడదు. అదే రోజు కొలనోస్కోపీ కూడా చేశాం, నార్మల్. ఆ తరవాత యాసిడ్ మాత్ర మళ్లీ రెండు వారాలు ఆపించి, యూరియా బ్రెత్ టెస్ట్ చేస్తే నెగెటివ్. యాంటీబయాటిక్స్ అయిన నాలుగు వారాల లోపు ఈ టెస్ట్ చేయించుకుంటే ఫలితాన్ని నమ్మలేం. చాలామంది ఆత్రంగా కోర్సు అయిన వారానికే చేయించుకుని వస్తారు.

తినే తీరు

ఈ వారాల్లోనే తినడం నేర్పించాం. బైపాస్ తరవాత ముద్ద నమలకుండా మింగితే సంచి దగ్గర ఇరుక్కుని నొప్పి, వాంతి. ఆ అలవాటు ఆపరేషన్ తరవాత మొదలుపెడదామంటే కుదరదు. మా డైటీషియన్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని భోజనం చేయమంది. కూరన్నం కాస్త నమిలారు. చారన్నం, పెరుగన్నం అసలు నమల్లేదు, జారిపోయాయి. పళ్లెం ఆరేడు నిమిషాల్లో ఖాళీ. తెలుగువాళ్ల భోజనంలో సగం అన్నం ద్రవంతో కలిసి గొంతు దిగుతుంది కాబట్టి "నమలండి" అంటే సరిపోదు. చారు విడిగా గిన్నెలో, అన్నం కాస్త పొడిగా, చిన్న చెంచాతో, ముందు పప్పూ గుడ్డూ లాంటివి తిని తరవాత అన్నం అని మార్చాం. భోజనంతో నీళ్లు తాగకుండా, తిన్నాక అరగంట ఆగి తాగడం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. పచ్చడి కారానికి నీళ్లు కావాలి మరి. దాంతో కారమే తగ్గించుకున్నారు.

లివర్ కోసం రెండు వారాలు

కడుపు పైభాగానికి సర్జన్ చేరాలంటే లివర్ ఎడమ భాగాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి. కొవ్వు పట్టిన లివర్ బరువుగా, పెళుసుగా ఉంటుంది. ఎత్తితే చిరిగి రక్తం కారవచ్చు, ఎత్తకపోతే హయాటస్ కనిపించదు. ఈమెకు మేం పని చేయాల్సింది సరిగ్గా అక్కడే. అందుకే రెండు వారాలు రోజుకు 800 నుంచి 900 కేలరీల లిక్విడ్ డైట్. పిండిపదార్థం తగ్గితే లివర్ ముందు తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను, దాంతో పాటు ఉన్న నీటిని వదులుతుంది, తరవాత కొవ్వు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో వెలువరించిన ఒక అధ్యయనంలో 12 వారాల డైట్‌లో లివర్ ఎంత తగ్గిందో అందులో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే తగ్గింది. మేం రెండు వారాలు అడగడానికి అదే ఆధారం.

మందులు ముందు సరిచేశాం. లిక్విడ్ డైట్ మొదలైన రోజు నుంచే గ్లిమెపిరైడ్ పూర్తిగా బంద్. తిండి లేకుండా అది వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆమెది రెండు మందులు కలిసిన బిళ్ల కాబట్టి దాన్ని ఇంట్లోంచే తీసేయించి, ఒట్టి మెట్‌ఫార్మిన్ కొత్త స్ట్రిప్ ఇచ్చాం. "ఆ షుగర్ మాత్ర ఆపండి, ఈ షుగర్ మాత్ర వేసుకోండి" అంటే ఇంట్లో గందరగోళం అవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఆపేశాం. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలన్నది నియమం. కానీ ఇంత తక్కువ పిండిపదార్థంతో ఆ మందు వాడితే షుగర్ నార్మల్‌గా చూపిస్తూనే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) పెరిగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి డైట్ మొదలుకాక ముందే ఆపడం మంచిది. బీపీ మందు మోతాదు తగ్గించి రోజూ చూడమన్నాం. షుగర్ రోజుకు నాలుగుసార్లు చూసి వాట్సాప్‌లో పంపేవారు.

ఇప్పుడు బరువు, షుగరు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడుతూ వచ్చేవాళ్లు పెరుగుతున్నారు. ఈమె వాడలేదు. వాడేవాళ్లకు మాత్రం ఒక మాట: అవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రంతా తినకపోయినా మత్తు ఇచ్చేటప్పటికి కడుపులో ఆహారం ఉండవచ్చు. చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారో సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ తప్పకుండా చెప్పాలి.

ఇక వంటిల్లు. డైటీషియన్ ఆమె ఇంట్లో రోజూ తాగే స్టీలు గ్లాసు తెమ్మంది. కొలిస్తే 350 మిల్లీలీటర్లు పట్టింది. చార్టులో "ఒక గ్లాసు" అని రాస్తే రోజు లెక్క మొత్తం తప్పేది. గ్లాసు లోపల 200 దగ్గర మేకుతో గీత గీసి పంపింది. రోజుకు వెన్న తీసిన పాలల్లో కలిపిన ప్రోటీన్ పొడి మూడుసార్లు, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, మిరియాల చారు, వడకట్టిన చికెన్ సూప్. ప్రోటీన్ 70 గ్రాములకు తగ్గకుండా. నీళ్లతో కలిపి రోజుకు రెండున్నర లీటర్లు. బీ1 మాత్ర కూడా ముందే మొదలుపెట్టాం.

మనవాళ్లు "లైట్‌గా" అనుకుని తాగేవాటిలో ఎక్కువ భాగం ఈ డైట్‌కి పనికిరావు. బెల్లం వేసిన రాగిజావ, గ్లూకోజ్ పొడి, బత్తాయి రసం, సగ్గుబియ్యం జావ అన్నీ పిండిపదార్థమే, లివర్ నిల్వలను మళ్లీ నింపుతాయి. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంది. ఉపవాసాలు అలవాటున్న ఆడవాళ్లు ఇంకో వైపు పొరపాటు పడతారు, ఏమీ తాగకుండా ఉంటే ఇంకా త్వరగా తగ్గుతుందని. ప్రోటీన్ లేకుండా పస్తుంటే కరిగేది కండ. ఈమె నాలుగో రోజు శనివారమని మధ్యాహ్నం దాకా ఏమీ తాగలేదు. షుగర్ రీడింగుల్లో చెప్పలేదు, కోడలు చెప్పింది. ఆ రెండు వారాలు దేవుడికి ఇంకోలా మొక్కుకోమని డైటీషియన్ నచ్చజెప్పింది.

రెండో రోజు, మూడో రోజు తలనొప్పి, చిరాకు, వంటింటి వాసన భరించలేకపోవడం. చారులో, మజ్జిగలో ఉప్పు కాస్త పెంచాక తలనొప్పి తగ్గింది. అయిదో రోజుకు ఆకలి బాధ సర్దుకుంది. ఇంట్లో వంట ఆమె చేయకుండా కోడలికి అప్పగించాం. వండే మనిషి ఉప్పు చూసే వంకతో ఎంత తింటారో వాళ్లకే తెలియదు.

మలబద్ధకం ఊహించినట్టే పెరిగింది. పీచు లేదు, తిండి లేదు. రాత్రిపూట పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి ఒక మోతాదు ఇచ్చాం. ఇసబ్‌గోల్ ఇష్టమైతే వాడవచ్చు, కానీ దానికి నీళ్లు బాగా తాగాలి, లేకపోతే గట్టిపడుతుంది. మోషన్ సాఫీగా ఉండగా ఆపరేషన్‌కి వెళ్లడం మంచిది. ఆ తరవాత నొప్పి మందులు, వాంతి మందులు మళ్లీ మలబద్ధకం తెస్తాయి.

కొలనోస్కోపీకి కడుపు కడిగించుకున్న అనుభవంతో ఆమె "ఈసారి కూడా ఆ పొడి రెండు లీటర్లు తాగాలా, ఎనిమా ఇస్తారా?" అని టెన్షన్ పడ్డారు. అక్కర్లేదు. పెద్దపేగు లోపల చూడాలంటే అది ఖాళీగా ఉండాలి. బైపాస్‌లో మేం పని చేసేది కడుపు మీద, చిన్నపేగు మీద. మామూలుగా దానికి పేగు కడగాల్సిన పని లేదు. కడిగితే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి నీరసంగా టేబుల్ మీదకు వస్తారు. రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకూడదన్న పాత పద్ధతి కూడా ఇప్పుడు లేదు. సాధారణంగా ఘనాహారం ఆరు గంటల ముందు, వట్టి నీళ్లు రెండు గంటల ముందు వరకు. షుగరు, రిఫ్లక్స్ ఉన్నవాళ్లకు ఎప్పటిదాకా అన్నది మత్తు డాక్టరు నిర్ణయిస్తారు.

ఆపరేషన్

మొదటి చూపుకూ ఆపరేషన్‌కూ మధ్య మూడు నెలలు దాటింది. బరువు 106 నుంచి 97.8 కిలోలు. అందులో నాలుగున్నర కిలోలు లిక్విడ్ డైట్ రెండు వారాల్లో తగ్గినవి, మొదట పోయింది ఎక్కువగా నీరే. హెచ్‌బీఏ1సీ 7.3, హిమోగ్లోబిన్ 12.2. అల్ట్రాసౌండ్‌లో లివర్ 16 సెంటీమీటర్లు.

ల్యాప్రోస్కోపీ కెమెరా లోపల పెట్టగానే లివర్ అంచు చూశాను. కొవ్వు లివర్ అంచు గుండ్రంగా ఉబ్బి, పసుపు తిరిగి ఉంటుంది. ఈమెది ఇంకా కాస్త లేతరంగే, కానీ ఎడమ భాగం అంచు పలచబడింది. రిట్రాక్టర్ (లివర్‌ను ఎత్తి పట్టుకునే పరికరం)తో ఎత్తితే వంగింది, చిరగలేదు. హయాటస్ మొత్తం కనిపించింది. జారిన కడుపును కిందికి దింపి, వెనక కుట్లు వేసి, తరవాత బైపాస్ పూర్తి చేశాం. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. సాయంత్రానికి నడిపించాం, మూడో రోజు ఇంటికి పంపాం.

ఒక్క కేసును బట్టి ఈ డైట్ వల్లే ఆపరేషన్ సాఫీగా జరిగిందని అనలేను. లివర్ తగ్గుతుందన్నది రుజువైన విషయం. మిగతాది టేబుల్ దగ్గర నిలబడిన సర్జన్‌గా నాకు కలిగిన తేడా.

ఆరు నెలల తరవాత

బరువు 78 కిలోలు. హెచ్‌బీఏ1సీ 6.0, మెట్‌ఫార్మిన్ ఒక్కటే, అదీ తక్కువ మోతాదు. ఒక్క దిండు మీద పడుకుంటున్నారు. దగ్గు సిరప్పులు పోయాయి. యాసిడ్ మాత్ర మూడు నెలలు వాడించి ఆపాం. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఆరు నెలలు ఇచ్చాం. బీ12, ఐరన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డీ, మల్టీవిటమిన్ జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదని ఆమెకు మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. టెట్రాసైక్లిన్ రోజుల గడుల కాగితమే అలవాటు చేసింది.

ఇప్పుడు నాకున్న ఆందోళన మోకాళ్లు. బరువు తగ్గి నొప్పి తగ్గింది గానీ పోలేదు. ఊళ్లో ఎవరు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసినా, షాపులో ఎవరు అసెక్లోఫెనాక్ ఇచ్చినా సంచి దగ్గర పుండు పడవచ్చు. ఆమె ఫైలు అట్ట మీద, ఫోన్ కవర్ వెనక పెట్టుకునే కార్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాం: గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మందు ఇవ్వవద్దు, ఇచ్చే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీకీ, మెడికల్ షాపుకీ ఒక్కో కాపీ కోడలు ఇచ్చి వచ్చింది. మోకాళ్ల గురించి వచ్చే నెల ఆర్థోపెడిక్ సర్జన్‌తో కలిసి చూస్తున్నాం. మోకాలి మార్పిడి దాకా వెళితే ఆపరేషన్ తరవాత ఏ నొప్పి మందులు వాడాలో ఆ రోజే రాసి పెట్టుకుంటాం.